పసుపు సరే, షుగర్ బిళ్ల మాటేమిటి?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద, జగ్గయ్యపేట దాటాక నందిగామ దాకా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎక్కడైనా కాస్త లోపలి ఊళ్లోకి వెళ్లి చూడండి. కల్లాల నిండా ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ధర దేన్ని బట్టి వస్తుందని అక్కడున్న రైతుని అడగండి. తేమ, ఘాటు, కాయ పొడవు అన్నీ చెప్తాడు గానీ, వాటిలో రంగు మాట తప్పకుండా ఉంటుంది. తెల్లబడిన కాయని తాలు కింద వేరు చేసేస్తారు. ధర లేని ఏడాది సరుకుని కోల్డ్ స్టోరేజీలో పెట్టేదీ ఆ రంగు కాపాడుకోవడానికే. మార్కెట్లో ‘ఏసీ కాయ’ అనే మాట అలా వచ్చిందే.

బయట ఉంచితే రంగు ఎందుకు పోతుంది? ఆ ఎరుపుకి ముఖ్య కారణం కాప్సాంథిన్ అనే పదార్థం. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌కి ఇది దగ్గరి చుట్టం. గాలిలోని ఆక్సిజన్, ఎండ, వేడి కలిసి దాన్ని కొంచెం కొంచెంగా విరగ్గొట్టేస్తాయి. ఇనుము తుప్పు పట్టినా, కోసిన వంకాయ ముక్క నల్లబడినా జరిగేది ఇలాంటి పనే. వంకాయ ముక్కల్ని మనవాళ్లు నీళ్లలో వేస్తారు కదా, గాలి తగలకుండా. ఆక్సీకరణ అనే మాట తెలియకపోయినా దాని సంగతి మన వంటింటికి, మన కల్లానికి ఎప్పటినుంచో తెలుసు.

మన ఒంట్లో కూడా ఇదే జరుగుతుంది. మనం పీల్చే ఆక్సిజన్‌తో కణాలు తిండిని శక్తిగా మారుస్తాయి. ఆ పనిలో కొంత ఆక్సిజన్ సరిగ్గా ఖర్చవకుండా, ఒక ఎలక్ట్రాన్ ఎక్కువో తక్కువో అయ్యి బయటపడుతుంది. ఇలాంటి నిలకడ లేని వాటినే ఫ్రీ రాడికల్స్ అంటారు. పక్కనున్న కొవ్వు, ప్రొటీన్, డీఎన్ఏ ఏది దొరికితే దాని ఎలక్ట్రాన్ లాక్కుంటాయి. వాటిని అదుపులో పెట్టడానికి ఒంట్లోనే ఏర్పాట్లున్నాయి. దెబ్బ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వస్తుందే, అది కెటలేజ్ అనే ఎంజైమ్ పని. పెరాక్సైడ్‌ని నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంది. పుట్టే ఫ్రీ రాడికల్స్ ఎక్కువై, అదుపు చేసే ఏర్పాటు చాలకపోతే దాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. ముసలితనానికి ఇదే మూలమని డెన్‌హామ్ హార్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1956లో ఒక సిద్ధాంతం రాశారు. షుగర్ వ్యాధిలో, కంటి శుక్లంలో, రక్తనాళాలు గట్టిపడటంలో దీని పాత్ర ఉందని ఆ తర్వాత చాలా పరిశోధనలు చెప్పాయి.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా తర్వాతి అడుగులో ఉంది. ‘ఫ్రీ రాడికల్స్ చెడ్డవి. పసుపు వాటిని అణిచేస్తుంది. కాబట్టి పసుపు క్యాప్సూల్ వేసుకుంటే జబ్బు పోతుంది.’ వాట్సాప్‌లో తిరిగే సగం ఆరోగ్య సలహాలు ఈ మూడు వాక్యాలే. మొదటిది సగం నిజం. రెండోది పరీక్షనాళికలో నిజం. మూడోది మాత్రం ఎవరో ఒకరు మనుషుల మీద చూసి చెప్పాల్సింది.

పెద్దమ్మ కరపత్రం

ఈ సంగతి ఎందుకు పట్టుకున్నానంటే మా పెద్దమ్మ వల్ల. ఆవిడకి అరవై దాటాయి, పదేళ్లుగా షుగర్ ఉంది. మొన్న ఊరెళ్లినప్పుడు కుంటుతూ నడుస్తోంది. చెప్పు కరిచిన పుండు నెలన్నరైనా మానలేదట.

“బిళ్లలు వేసుకుంటున్నావా పెద్దమ్మా?”

“అవి మానేసి మూడు నెలలైందిరా. ఇంగ్లీషు మందులు కిడ్నీలు పాడు చేస్తాయంట. ఇప్పుడు ఇది వాడుతున్నా. పసుపే కదా, ప్రకృతిది.”

చూపించింది. కర్‌క్యుమిన్ క్యాప్సూల్స్. నెలకి రెండు సీసాలు. ఊళ్లో మీటింగ్ పెట్టి, అందరికీ బీపీ చూసి మరీ అమ్మారట. సీసాతో పాటు ఒక కరపత్రం. అందులో ‘హైదరాబాద్ శాస్త్రవేత్తలు నిరూపించిన సత్యం’ అని పెద్ద అక్షరాలు. షుగర్ ఉన్నవాళ్లకి పసుపు కళ్లని కాపాడుతుందని దాని సారాంశం.

ఆ మాట ఉత్తదే అనుకుంటారేమో. కాదు. అలాంటి పరిశోధన నిజంగానే ఉంది, అదీ మన తార్నాకలోనే. ఉస్మానియా యూనివర్సిటీ పక్కన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు 2005లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఎలుకలకి షుగర్ వచ్చేలా చేసి, కొన్నింటికి మామూలు మేత, కొన్నింటికి పసుపు కలిపిన మేత, కొన్నింటికి కర్‌క్యుమిన్ కలిపిన మేత పెట్టారు. పసుపు, కర్‌క్యుమిన్ తిన్న ఎలుకల్లో శుక్లం ముదరడం నెమ్మదించింది. కంటి కటకంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ తగ్గడమే కారణమని వాళ్లు తేల్చారు.

కరపత్రం ఇక్కడితో ఆగిపోయింది. పరిశోధన ఆగలేదు. అదే పత్రంలో ఇంకో సంగతి స్పష్టంగా ఉంది. ఆ ఎలుకల రక్తంలో షుగర్ మాత్రం తగ్గలేదు. పసుపు తిన్నా, కర్‌క్యుమిన్ తిన్నా షుగర్ షుగర్‌లాగే ఉంది.

అంటే ఏ పరిశోధన పేరు చెప్పి మా పెద్దమ్మ చేత షుగర్ బిళ్ల మాన్పించారో, ఆ పరిశోధనే ఇది షుగర్ బిళ్ల పని చెయ్యదని చెప్తోంది.

చిటికె ఎక్కువైతే

అదే సంస్థ అంతకు రెండేళ్ల ముందు, 2003లో ఇంకో ప్రయోగం ప్రచురించింది. నా దృష్టిలో ప్రతి పసుపు సీసా మీద అంటించాల్సింది ఇదే. ఎలుకలకి గాలక్టోజ్ అనే చక్కెర బాగా ఎక్కువ పెట్టి శుక్లం తెప్పించారు. కొన్నింటికి మేతలో 0.002 శాతం కర్‌క్యుమిన్ కలిపారు, అంటే 100 గ్రాముల మేతకి 2 మిల్లీగ్రాములు. ఇంకొన్నింటికి 0.01 శాతం, అంటే 10 మిల్లీగ్రాములు. తక్కువ మోతాదు ఎలుకల్లో శుక్లం ఆలస్యంగా మొదలై నెమ్మదిగా ముదిరింది. ఎక్కువ మోతాదు ఎలుకల్లో మొదలవడం కాస్త ఆలస్యమైనా, ఆ తర్వాత ముదరడం మాత్రం ఏమీ ఇవ్వని ఎలుకల కంటే వేగంగా జరిగింది.

పదార్థం అదే. జంతువు అదే. మోతాదు అయిదు రెట్లయ్యేసరికి కాపలా కాయాల్సింది కాస్తా దొంగకి తలుపు తీసింది. ఒక మోతాదులో యాంటీ ఆక్సిడెంట్‌గా పనిచేసే చాలా పదార్థాలు ఇంకో మోతాదులో ఎదురు తిరుగుతాయి. 2005 నాటి ఎలుకల్లో ఇలా జరగలేదు, అవి వేరే పద్ధతిలో జబ్బు చేసినవి. అంటే మోతాదు ఒక్కటే కాదు, జబ్బు ఎలా వచ్చిందన్న దాన్ని బట్టి కూడా ఫలితం మారుతోంది.

ఇప్పుడు మన వంటింటి లెక్క వేద్దాం. పసుపు పొడిలో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతం. పప్పులో, కూరలో, చారులో కలిపి మనిషికి రోజుకి గ్రామో రెండు గ్రాములో పసుపు పడిందనుకుందాం. అంటే 30 నుంచి 60 మిల్లీగ్రాముల కర్‌క్యుమిన్. అదే 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో 95 శాతం కర్‌క్యుమిన్ ఉందని రాస్తే, రోజుకి రెండు వేసుకున్నప్పుడు 950 మిల్లీగ్రాములు. పసుపుగా చూస్తే 30 గ్రాములకి పైనే, దాదాపు పది టీస్పూన్లు. ‘మన తాతల నాటి నుంచి తింటున్నదే కదా’ అనే మాట ఇక్కడ చెల్లదు. మన తాతలెవరూ రోజుకి పది చెంచాల పసుపు తినలేదు.

అంత తిన్నా చాలావరకు ఒంటికి పట్టదు. పేగులు, కాలేయం దాన్ని వెంటనే మార్చేసి బయటికి పంపేస్తాయి. 1998లో బెంగళూరు శాస్త్రవేత్తలు మనుషులకి 2 గ్రాముల కర్‌క్యుమిన్ ఇస్తే రక్తంలో దాని జాడే దాదాపు లేదు. మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది. అప్పటినుంచి క్యాప్సూల్ సీసాల మీద ‘మిరియాల సత్తుతో’ అని గర్వంగా రాస్తున్నారు. కానీ పైపరిన్ ఈ పని ఎలా చేస్తుంది? మందుల్ని మార్చి బయటికి పంపే ఎంజైముల్ని అడ్డుకుని. అవి కర్‌క్యుమిన్‌కి మాత్రమే పనిచేసే ఎంజైములు కావు. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్ లాంటి మందులు కూడా పైపరిన్‌తో రక్తంలో పెరుగుతాయని తేలింది. చారులో వేసే మిరియాలతో భయం లేదు. రోజూ బిళ్లలు మింగే పెద్దవాళ్లు సత్తు మింగడం వేరే సంగతి.

అరుదుగానే అయినా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. అమెరికాలో పసుపు సప్లిమెంట్లు వాడి కాలేయం పాడైన 10 మంది గురించి 2022లో అక్కడి వైద్యులు ప్రచురించారు. వాళ్లలో ఒకరు చనిపోయారు. వాళ్లు వాడినవాటిలో కొన్నింట్లో మిరియాల సత్తు కూడా ఉంది.

మనుషుల మీద చూస్తే

మా సాఫ్ట్‌వేర్ వాళ్లలో పాత జోకు ఒకటుంది. ప్రోగ్రాం కస్టమర్ దగ్గర ఆగిపోయిందంటే, ‘నా లాప్‌టాప్‌లో బాగానే నడిచిందే’ అంటాడు రాసినవాడు. పరీక్షనాళిక, ఎలుక రెండూ ఆ లాప్‌టాప్ లాంటివే. అక్కడ నడవకపోతే ఇక్కడ నడవకపోవచ్చు. అక్కడ నడిచిందని ఇక్కడ నడుస్తుందన్న హామీ మాత్రం లేదు.

యాంటీ ఆక్సిడెంట్లని మనుషుల మీద పెద్ద ఎత్తున పరీక్షించారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29,133 మందిని తీసుకుని, వాళ్లలో కొందరికి రోజుకి 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గుతుందని ఆశ. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఆ కేన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో 18,314 మందితో మొదలుపెట్టిన ఇలాంటి ప్రయోగంలోనూ ఊపిరితిత్తుల కేన్సర్ 28 శాతం పెరగడంతో 1996లో గడువుకి ముందే ఆపేశారు. మన మిరప రంగుకి చుట్టమే ఈ బీటా కెరోటిన్. క్యారెట్ తినేవాళ్లకి మంచి చేస్తుందనిపించిన పదార్థం, బిళ్లగా మారి పొగతాగేవాడి ఒంట్లోకి వెళ్లేసరికి ఇలా చేసింది.

మనకి దగ్గర్లోదీ ఒకటి చూద్దాం. మదురై చుట్టుపక్కల ఊళ్లలో 35 నుంచి 50 ఏళ్ల వయసున్న 798 మందికి అయిదేళ్ల పాటు బీటా కెరోటిన్, విటమిన్ సి, విటమిన్ ఇ కలిపి కానీ, ఉత్త బిళ్ల కానీ ఇచ్చారు. శుక్లం ముదరడంలో రెండు గుంపులకీ తేడా లేదు. హాని కూడా లేదు. అయిదేళ్ల బిళ్లలకి దక్కింది అంతే.

ఎందుకిలా? ఫ్రీ రాడికల్స్ ఉత్త చెత్త కాకపోవడం వల్ల. ఒంట్లోకి వచ్చిన సూక్ష్మజీవుల్ని తెల్ల రక్తకణాలు చంపేది వాటితోనే. వ్యాయామం చేసినప్పుడు కండరంలో అవి కాస్త పెరిగితే, ‘ఇక్కడ పని పెరిగింది, ఏర్పాట్లు పెంచండి’ అనే కబురు కణానికి అందుతుంది. 2009లో జర్మనీలో కుర్రాళ్ల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. కొందరికి విటమిన్ సి, ఇ బిళ్లలు ఇచ్చారు. బిళ్లలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ బాగా పనిచెయ్యడం మొదలైంది. వేసుకున్నవాళ్లలో ఆ లాభం రాలేదు. సర్వర్ దగ్గర అలారం మోగుతోందని వైరు పీకేస్తే చప్పుడు ఆగుతుంది, నిజమే. రిపేరు చెయ్యాల్సినవాళ్లకి కబురు కూడా ఆగుతుంది.

అయితే ప్రకృతి మందులన్నీ దండగేనా?

కాదు. అలా అంటే కరపత్రం చెప్పిన అబద్ధానికి నేను ఇంకో అబద్ధం జత చేసినట్టు.

పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయంలో గ్లూటాథయోన్ ఖాళీ అయిపోతుంది. అది మన ఒంటి సొంత యాంటీ ఆక్సిడెంట్. అప్పుడు ఆస్పత్రిలో ఎసిటైల్ సిస్టీన్ ఇచ్చి దాన్ని మళ్లీ నింపుతారు. సుమారు 8 గంటల లోపు ఇస్తే కాలేయం నిలబడుతుంది. ఎన్నో ప్రాణాలు దక్కాయి. ఇదీ యాంటీ ఆక్సిడెంట్ వైద్యమే.

ఇంకొకటి మన గుమ్మానికి కట్టే బంతిపూలలో ఉంది. వాటి పసుపు రంగుకి కారణమైన ల్యూటిన్ మన కంటి రెటీనా మధ్యలో, మాక్యులాలో కూడా ఉంటుంది. వయసుతో మాక్యులా పాడై చూపు పోయే జబ్బు ఒకటుంది. అమెరికా జాతీయ నేత్ర సంస్థ 2013లో ప్రచురించిన ప్రయోగం తర్వాత, మధ్య దశలో ఉన్న రోగులకి ల్యూటిన్ 10, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు, వాటితో పాటు విటమిన్ సి, ఇ, జింక్, రాగి కలిపిన బిళ్లలు కంటి డాక్టర్లు రాస్తున్నారు. జబ్బు ముదిరే అవకాశాన్ని ఈ రకం బిళ్లలు పాతిక శాతం దాకా తగ్గిస్తాయి. పాత ఫార్ములాలో ఉన్న బీటా కెరోటిన్ తీసేసి ల్యూటిన్ పెట్టింది పొగతాగేవాళ్లకి ప్రమాదం లేకుండా ఉండాలనే. అదే బిళ్ల శుక్లం ఆపరేషన్ అవసరాన్ని తగ్గించలేదు. జబ్బు లేనివాళ్లకి రాకుండా ఆపుతుందనీ తేలలేదు.

గమనించండి. పనిచేసిన రెండు చోట్లా ఫలానా జబ్బు, ఫలానా దశ, ఇంత మోతాదు అని లెక్క ఉంది. ‘అన్ని రోగాలకీ ఒకటే’ అన్న మాట ఎక్కడా లేదు.

మూడోది చెప్తే మా పెద్దమ్మ నమ్మలేదు. ఆవిడ ‘ఇంగ్లీషు మందు’ అని మానేసిన మెట్‌ఫార్మిన్ మూలం కూడా మొక్కే. యూరప్‌లో గలేగా అనే మొక్కని పాతకాలం నుంచి నాటువైద్యంలో వాడేవారు. అందులో షుగర్‌ని తగ్గించే పదార్థం ఉంది, కానీ విషం పాలు ఎక్కువ. దాని పోలికలున్న, దానికంటే భద్రమైన పదార్థం కోసం వెతికితే వచ్చిందే మెట్‌ఫార్మిన్. 1922లో తయారైంది. 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి డాక్టర్ షుగర్ రోగులకి వాడి ఫలితాలు ప్రచురించారు. మొక్క నుంచి మందు దాకా రావాల్సిన దారి మొత్తం నడిచొచ్చింది అది. సీసాలోని పసుపు ఆ దారిలో ఇంకా సగంలోనే ఉంది.

“అయితే కిడ్నీలు?” అంది పెద్దమ్మ. న్యాయమైన ప్రశ్న. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక మెట్‌ఫార్మిన్ తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు. అందుకే రక్తపరీక్ష చేయిస్తారు. కానీ ఎక్కువమందిలో కిడ్నీలని పాడు చేసేది అదుపు తప్పిన షుగరే. బ్రిటన్‌లో కొత్తగా షుగర్ వచ్చిన 5,102 మందిని ఏళ్ల తరబడి చూశారు. షుగర్‌ని గట్టిగా అదుపు చేసినవాళ్లలో కళ్లు, కిడ్నీల్లాంటి చోట్ల సన్న రక్తనాళాల జబ్బులు 25 శాతం తగ్గాయని 1998లో తేలింది. రక్తంలో షుగర్ పెరిగితే ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరుగుతుంది. కాబట్టి షుగర్ రోగికి అన్నిటికంటే గట్టి యాంటీ ఆక్సిడెంట్ ఏదంటే, షుగర్‌ని అదుపులో ఉంచే ఏ ఉపాయమైనా అదే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఆ బిళ్ల ఉచితం.

ఇక ఇంట్లో చెయ్యదగ్గవి. పసుపు, కారం, మిరియాలు వంటలో ఎప్పటిలాగే వాడండి. తోటకూర, మునగాకు, మొక్కజొన్న, గుడ్డు పచ్చసొన తినండి, ల్యూటిన్ చుట్టాలన్నీ అక్కడే ఉంటాయి. చుట్ట, బీడీ, సిగరెట్ మానండి. పొగలోనే ఫ్రీ రాడికల్స్ నేరుగా లోపలికి పోతాయి. బజ్జీల బండి దగ్గర నూనె రంగు చూడండి. మళ్లీ మళ్లీ కాగిన నూనె ఆక్సీకరణ చెందినదే. అలాంటి నూనెకి ప్రభుత్వం 2018 నుంచి 25 శాతం పోలార్ పదార్థాలని హద్దు పెట్టింది. నల్లగా, చిక్కగా ఉంటే ఆ పూటకి బజ్జీ వదిలేయండి. రోజూ అరగంట నడవండి.

ఇప్పటికే సీసా కొనేశారా? దాచిపెట్టి వాడకండి. అమ్మానాన్నల దగ్గరుంటే తిట్టకండి కూడా, తిడితే రేపటినుంచి దాచిపెడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మిగతా బిళ్లలతో పాటు ఆ సీసాని కూడా సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. ఆపాలో, ఉంచాలో ఆయన చెప్తారు. అప్పటిదాకా రాసిచ్చిన బిళ్ల మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు.